విశాఖకి పారిపోయిన కుర్రాడు

మా ఊరు కొవ్వూరు, కాలేజీ విశాఖలో. ఇంటికెళ్లాలన్నా, తిరిగి హాస్టల్‌కి రావాలన్నా రైలు గోదావరి దాటాల్సిందే. దాటేటప్పుడు పక్కనే పాత హేవలాక్ వంతెన కనిపిస్తుంది. 1900లో తెరిచారు, 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నేనెప్పుడూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఈమధ్య మాత్రం ఫోన్ జేబులో పెట్టేసి అటే చూస్తున్నా. ఎందుకో చెప్తాను.

మొన్న సంక్రాంతికి నేను ఇంటికి వెళ్లలేదు. పండక్కి నాలుగు రోజుల ముందు రిజల్ట్స్ వచ్చాయి. ఎం-2 పోయింది. ప్రాజెక్టు పని ఉందని అమ్మకి అబద్ధం చెప్పాను. మా ఫ్లోర్‌లో నేనూ, ఇంకో ఇద్దరూ తప్ప ఎవరూ లేరు. భోగి రోజు మెస్ కూడా మూసేశారు. ఆ నాలుగు రోజులూ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న రామానుజన్ జీవిత చరిత్ర పట్టుకుని కూర్చున్నా. లెక్కల్లో తప్పినోడికి రామానుజన్ ఎందుకురా అని నవ్వకండి. ఆయనా తప్పాడు. తేడా ఏంటంటే నాకు లెక్కలొక్కటే పోయింది, ఆయనకి లెక్కలు తప్ప మిగతావన్నీ పోయాయి.

1729 ట్యాక్సీ కథ మీ అందరికీ వచ్చు. ఏటా డిసెంబరు 22న మ్యాథ్స్ డే స్టేజీ మీద ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు కాబట్టి అది వదిలేస్తున్నా. నాకు ఆ పుస్తకంలో పట్టుకున్నది లెక్కలు కాదు, కుంభకోణంలో సారంగపాణి సన్నిధి వీధిలో ఉన్న ఆ చిన్న ఇల్లు. ఇంకో మాట. కుర్రతనం దాటేవరకూ అతన్ని 'అతను' అనే అంటాను. పారిపోయినప్పుడు మన ఫస్టియర్ పిల్లల వయసే కదా.

పుట్టింది 1887లో, ఈరోడ్‌లో అమ్మమ్మ గారింట్లో. నాన్న శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలో ఒక చీరల కొట్టులో గుమాస్తా, నెలకి 20 రూపాయల జీతం. పొద్దున వెళ్తే రాత్రికే ఇంటికి రావడం. అందుకేనేమో ఈ కథలో ఆయన ఎక్కడా పెద్దగా కనబడడు. ఇల్లంతా అమ్మ కోమలతమ్మాళ్‌దే. ఆవిడ గుళ్లో భజనలు పాడి నెలకి ఐదో పదో తెచ్చేది. ఇంట్లో కాలేజీ కుర్రాళ్లని భోజనానికీ, బసకీ పెట్టుకుని ఇంకాస్త సంపాదించేది. రెండేళ్ల వయసులో రామానుజన్‌కి మశూచి వచ్చింది. మొహం మీద ఆ మచ్చలు ఉండిపోయినా పిల్లాడు బతికాడు. తర్వాత పుట్టిన ముగ్గురు పిల్లలు మాత్రం పసికందులుగా ఉన్నప్పుడే పోయారు. తర్వాతి తమ్ముడు పుట్టి నిలిచేసరికి ఇతనికి పదేళ్లు. అంటే పదేళ్లపాటు ఆ తల్లికి వీడొక్కడే. ఆ తర్వాత ఆవిడ చేసినవాటిలో నాకు కోపం తెప్పించినవి చాలా ఉన్నాయి. కానీ కోపం వచ్చిన ప్రతిసారీ ఈ ముగ్గురు పిల్లల సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను.

అమ్మా కొడుకూ కూర్చుని రాళ్లతో పులీ-మేకా ఆడుకునేవారట. మన ఊళ్లలో అరుగుల మీద గళ్లు చెక్కి ఉంటాయి చూడండి, ఆ పులిజూదమే. తర్వాత్తర్వాత కొడుకు లెక్కల్లో మునిగిపోయి అన్నానికి లేవకపోతే, అమ్మో అమ్మమ్మో అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టేవాళ్లు. తింటూనే రాసుకునేవాడు. కాగితం కొనే స్తోమత లేదు కాబట్టి వీధి అరుగు మీద కాళ్లు ముడుచుకుని, ఒళ్లో పలక పెట్టుకుని రాసేవాడు. చెరపడానికి గుడ్డ కూడా వెతుక్కోడు, మోచేత్తో తుడిచేయడమే. మోచెయ్యి నల్లగా, గరుకుగా కాయ కట్టిపోయింది.

పిల్లాడు నెమ్మదస్తుడే కానీ అవమానం మాత్రం తట్టుకోలేడు. బళ్లో ఓసారి లెక్కల్లో ఇతనికి 45కి 42 వచ్చి, స్నేహితుడికి 43 వచ్చాయి. ఆ ఒక్క మార్కుకి ఆ అబ్బాయితో మాట్లాడ్డం మానేశాడు. ఇంకోసారి త్రికోణమితిలో తనంతట తానే ఒక సంగతి కనిపెట్టి తెగ మురిసిపోయాడు. తీరా చూస్తే దాన్ని ఆయిలర్ అనే ఆయన ఎప్పుడో నూటయాభై ఏళ్ల కిందటే కనిపెట్టేశాడు. సిగ్గుతో ఆ కాగితాలన్నీ తీసుకెళ్లి ఇంటి కప్పులో దాచేశాడు. మనమైతే స్టేటస్ పెట్టుకునేవాళ్లం, ఆయిలర్‌కీ నాకూ ఒకే ఐడియా వచ్చిందని.

1903లో, పదహారో ఏట, కార్ అనే ఆయన రాసిన లెక్కల సంకలనం ఒకటి చేతికొచ్చింది. ఆ కార్ లండన్‌లో పరీక్షలకి ట్యూషన్లు చెప్పుకునే మాస్టారు. పుస్తకం నిండా వేల కొద్దీ సూత్రాలు, రుజువులు మాత్రం నామమాత్రం. మన భాషలో చెప్పాలంటే ఆల్ ఇన్ వన్. ప్రపంచంలో ఏ ఆల్ ఇన్ వన్ గైడూ చేయని పని అది చేసింది. రుజువులు లేవు కాబట్టి ప్రతిదీ తానే తేల్చుకోవాల్సి వచ్చింది. ఇక అంతే, మిగతా సబ్జెక్టులు కంటికి ఆనలేదు.

1904లో స్కూలు నుంచి లెక్కల బహుమతితో బయటికొచ్చి, స్కాలర్‌షిప్ మీద కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ.లో చేరాడు. మన ఇంటర్ లాంటిదన్నమాట. ఇంగ్లీషు క్లాసులో కూర్చుని కూడా లెక్కలే చేసుకునేవాడు. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పాడు, స్కాలర్‌షిప్ పోయింది. ఫీజేమో టర్ముకి 32 రూపాయలు, అంటే నాన్న నెలన్నర జీతం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్న మనకి ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కోమలతమ్మాళ్ ఊరుకోలేదు. సరాసరి ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి బతిమాలింది. ఆయన మర్యాదగానే విన్నాడు కానీ ఒప్పుకోలేదు. కొన్నాళ్లు కాలేజీకి వెళ్లినట్టే వెళ్లాడు. 1905 ఆగస్టులో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం వచ్చేశాడు. వయసు 17.

ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. కుంభకోణం నుంచి ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. తెలిసిన భాష లేదు. జేబులో ఏముంటుంది ఆ ఇంట్లో పిల్లాడికి! మద్రాసు దాటి, కృష్ణ దాటి, కొవ్వూరు దగ్గర గోదావరి మీదికి వచ్చుంటాడు. అప్పటికి వంతెన పడి ఐదేళ్లే. అవును, ఆ హేవలాక్ వంతెనే. నేను ఇంటికి వెళ్లేటప్పుడు ఏ నీళ్లు చూసి ఊరొచ్చేసిందని బ్యాగ్ సర్దుకుంటానో, అవే నీళ్లు అతను ఇంటికి దూరంగా పోతూ దాటాడు. ఆ సంక్రాంతికి నేనున్న ఊరూ, అతను పారిపోయి వచ్చిన ఊరూ ఒకటే కావడం నాకు విచిత్రంగా అనిపించింది.

కన్నవాళ్లు మద్రాసులో వెతికారు, తిరుచిరాపల్లిలో వెతికారు. సెప్టెంబరు మొదట్లో హిందూ పత్రికలో కుర్రాడు కనబడుటలేదని వార్త వేయించారు. ఆ నెలాఖరుకి ఇల్లు చేరాడు. మళ్లీ అదే వీధి, అదే అరుగు.

మరుసటేడు మద్రాసులో పచ్చయ్యప్ప కళాశాలలో చేర్చారు. అక్కడ లెక్కల మాస్టార్లు ముక్కున వేలేసుకున్నారు కానీ శరీరధర్మ శాస్త్రం అతని వల్ల కాలేదు. దానికి తోడు జిగట విరేచనాలు పట్టుకుని నెలల తరబడి ఇంటికొచ్చి పడుకోవాల్సి వచ్చింది. (ఈ జబ్బు సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.) 1906లో ఎఫ్.ఏ. తప్పాడు. 1907లో మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. ఇక డిగ్రీ అనే మాటే లేదు. తర్వాత రెండేళ్లూ చదువూ లేదు, ఉద్యోగమూ లేదు. ట్యూషన్ చెప్తే పిల్లలకి అర్థమయ్యేది కాదు. అరుగు మీద కూర్చుని నోటుబుక్కులు నింపడమే పని. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించుకోండి. మూడు బ్యాక్‌లాగ్‌లున్న మా సీనియర్ సొంతూరు వెళ్తే టీకొట్టు వైపు పోడు, పక్క సందులోంచి తిరిగి ఇంటికెళ్తాడు.

పనీపాటా లేని కొడుక్కి మన పెద్దవాళ్లు చేసే వైద్యం పెళ్లి. కోమలతమ్మాళ్ కూడా అదే చేసింది. 1909 జూలైలో జానకితో పెళ్లయింది. ఆ అమ్మాయికి పదేళ్లు. సంబంధం తనని అడక్కుండా కుదిర్చిందని నాన్న ఆ పెళ్లికే రాలేదు. పెళ్లైతే దారిలో పడతాడన్న నమ్మకం మాత్రం ఓ రకంగా నిజమైంది. ఆయన నోటుబుక్కులు చంకలో పెట్టుకుని ఉద్యోగం కోసం ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది అప్పుడే. (ఇక్కడినుంచి ఆయన అనాలి, పెళ్లైపోయింది కదా.) తిరుక్కోవిలూరులో రామస్వామి అయ్యర్‌ని కలిశారు. ఒకరు ఇంకొకరి దగ్గరికి, వాళ్లు మరొకరి దగ్గరికి పంపగా 1910 చివర్లో మన నెల్లూరు వచ్చారు. అక్కడి కలెక్టరు రామచంద్రరావు గారికి లెక్కలంటే ఇష్టం. ఆయన కొన్నాళ్లు నెలకి 25 రూపాయలు తన జేబులోంచి ఇచ్చారు. ఊరికే తీసుకోవడం రామానుజన్‌కి నచ్చలేదు. చివరికి 1912 మార్చి 1న మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా చేరారు, జీతం 30 రూపాయలు. నాన్న చేసిన పనే, కొట్టు మాత్రం వేరు.

ఆ పోర్ట్ ట్రస్ట్ ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అనే సివిల్ ఇంజినీరు. అంతకుముందు రైల్వేల్లో పనిచేశాడు. గోదావరి మీద ఆ రైలు వంతెన కట్టడంలో ముఖ్యపాత్ర ఆయనదే. ఏడేళ్ల కిందట ఏ వంతెన మీంచి కుర్రాడు పారిపోయాడో, ఆ వంతెన వేయించిన పెద్దమనిషే ఇప్పుడు అతని తరఫున ఉత్తరాలు రాశాడు. సివిల్ బ్రాంచ్ వాళ్లు ఈ ఒక్క పేరా ప్రింట్ తీసి గోడకి అంటించుకోవచ్చు.

ఆఫీసులో పై అధికారి నారాయణ అయ్యర్‌కీ లెక్కల పిచ్చే. రాత్రుళ్లు ఇద్దరూ చెరో పలకా పట్టుకుని కూర్చునేవారు. తర్వాత నిద్రలోంచి లేచి హరికేన్ లాంతరు వెలుగులో రామానుజన్ ఏదో రాసుకునేవారట, కలలో కనబడిందని. కలల సంగతి కాస్త చెప్పాలి. వాళ్ల ఇలవేల్పు నామక్కల్ నామగిరి తాయారు. ఈ పిల్లాడు పుట్టాలని అమ్మమ్మ మొక్కుకున్నది కూడా ఆ తల్లికే. ఒక కలలో ఎర్రటి నెత్తురు పారి తెరలా ఏర్పడిందనీ, దాని మీద ఒక చెయ్యి సూత్రాలు రాస్తూ పోయిందనీ, లేవగానే వాటిని రాసుకున్నాననీ ఆయన చెప్పుకునేవారు. నేను దేవుణ్ణి పెద్దగా నమ్మను. కానీ ఇల్లూ, గుడీ, అమ్మమ్మ మొక్కూ, లెక్కలూ ఆయన తలలో వేర్వేరు గదుల్లో లేవని మాత్రం అర్థమైంది.

1913 జనవరి 16న కేంబ్రిడ్జ్‌లో హార్డీకి ఉత్తరం రాశారు. తర్వాత జరిగింది మీకు తెలుసు, రమ్మన్నారు. సముద్రం దాటితే కులం నుంచి వెలి. మొదట వెళ్లనన్నారు. అడ్డం పడింది అమ్మే, అడ్డు తీసిందీ అమ్మే. కొడుకు పెద్ద హాల్లో తెల్లవాళ్ల మధ్య కూర్చుని ఉన్నట్టు, వాడి దారికి అడ్డు రావద్దని నామగిరి తల్లి ఆజ్ఞాపించినట్టు ఆవిడకే కలొచ్చింది. ఇక్కడ నాకొక అనుమానం. ఆవిడకి నిజంగా కలే వచ్చిందో, కొడుకు మొహం చూడలేక వీధివాళ్లకి చెప్పుకోవడానికి ఒక కల తెచ్చుకుందో. మా అమ్మయితే రెండోదే చేస్తుంది.

ప్రయాణానికి ముందే అమ్మనీ, జానకినీ కుంభకోణం పంపేశారు. పిలక తీసేసి, ప్యాంటు తొడుక్కున్న తనని వాళ్లు చూడకూడదని. 1914 మార్చి 17న ఓడ కదిలింది. ఏడాదికి 250 పౌండ్ల స్కాలర్‌షిప్‌లో 50 పౌండ్లు ఇంటికి పంపే ఏర్పాటు ముందే చేసుకున్నారు.

కేంబ్రిడ్జ్‌లో ఆయన చేసిన లెక్కల గురించి చెప్పే అర్హత నాకు లేదు (ఎం-2 గుర్తుంది కదా). గది గురించి చెప్తాను. ఓసారి మహలనోబిస్, అదే మన స్టాటిస్టిక్స్ మహలనోబిస్, ఆ గదికెళ్తే రామానుజన్ రాత్రుళ్లు చలికి వణికిపోతున్నట్టు తెలిసింది. చూస్తే మంచం మీద దుప్పట్లు నీటుగా మడతపెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటి కింద దూరి పడుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఓవర్‌కోటు కప్పుకుని వాటి పైనే పడుకుంటున్నారు. అంత పెద్ద కాలేజీలో ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేకపోయారు.

వంట తనే చేసుకునేవారు. మాంసం తగిలిన గిన్నెలో వండింది ముట్టరు. యుద్ధం మొదలయ్యాక కూరగాయలే దొరకడం కష్టమైంది. ఓసారి చటర్జీ అనే స్నేహితుణ్ణీ, అతను పెళ్లాడబోయే అమ్మాయినీ ఇంకొకామెనీ భోజనానికి పిలిచి చారు చేశారు. ఒకసారి వడ్డించారు, రెండోసారి వడ్డించారు. మూడోసారి గరిటె తీసుకొస్తే ఆడవాళ్లు వద్దన్నారు. మాటల మధ్యలో చూస్తే ఇంటాయన లేరు. గంట చూశారు, రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి టెలిగ్రాం వచ్చింది, అయిదు పౌండ్లు పంపమని. తన వంట నచ్చలేదని నొచ్చుకుని అప్పటికప్పుడు రైలెక్కేశారు! అప్పటికి ఆయన ప్రపంచం గుర్తిస్తున్న గణితవేత్త. లోపల మాత్రం ఒక్క మార్కుకి అలిగినవాడే, విశాఖ రైలెక్కినవాడే. ఇది చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

ఎందుకంటే ఇంటి దగ్గర ఇంకో కథ నడుస్తోంది. జానకి రాసే ఉత్తరాలని అత్తగారు పోస్టు దాకా పోనివ్వలేదు. ఆయన రాసినవి ఆమె దాకా రానివ్వలేదు. అమ్మమ్మ మొక్కు, పులిజూదం, చేతిలో అన్నం ముద్దలు, వీటన్నిటినీ ఇచ్చిన చెయ్యే ఈ పనీ చేసింది. కొన్నాళ్లకి జానకి అన్నగారింటికి వెళ్లిపోయింది. అక్కడ కేంబ్రిడ్జ్‌లో ఆయన, భార్య ఎందుకు రాయట్లేదో తెలియక చూస్తూ కూర్చున్నారు. 1917లో జబ్బుపడ్డారు. క్షయ అన్నారు. శానటోరియంలో చలి, తినలేని తిండి. ట్రినిటీ కాలేజీ ఫెలోషిప్ ఇవ్వలేదు. 1918 మొదట్లో లండన్ భూగర్భ రైల్వే స్టేషన్లో పట్టాల మీదికి దూకేశారు. చూసినవాళ్లు కరెంటు ఆపారు, రైలు కొన్ని అడుగుల దూరంలో ఆగింది. ఆ తర్వాత కొన్ని నెలలకే రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, అక్టోబరులో ట్రినిటీ ఫెలోషిప్ కూడా వచ్చింది. ఆ రైలు ఆగకపోయుంటే ఈ వాక్యం ఉండేది కాదు. మా హాస్టల్లో ఈ విషయం గట్టిగా మాట్లాడుకోం. మాట్లాడుకుంటే బాగుణ్ణు.

1918 డిసెంబరులో మద్రాసు యూనివర్సిటీ ఆయనకి ఏడాదికి 250 పౌండ్లు ఇస్తామంది. 1919 జనవరిలో జవాబుగా రాసిన ఉత్తరంలో తల్లిదండ్రులకి ఏటా 50 పౌండ్లు పంపమని, తన ఖర్చులు పోగా మిగిలింది పేద పిల్లల, అనాథల స్కూలు ఫీజులకీ పుస్తకాలకీ వాడమని కోరారు. ఒకప్పుడు 32 రూపాయలు కట్టలేక విశాఖకి రైలెక్కిన మనిషి ఆయన.

మార్చిలో బొంబాయిలో ఓడ దిగితే అమ్మా, తమ్ముడూ వచ్చారు. ఆయన మొదట అడిగింది జానకి ఏదని. ఆ ప్రశ్నకి అమ్మ మొహం ఎలా అయ్యుంటుందో నేను రాయను. జానకి వచ్చింది. పెళ్లై పదేళ్లు కావస్తున్నా వాళ్లిద్దరూ కలిసి గడిపిన రోజులు తక్కువే. ఆయన మంచం మీద ఒరిగి లెక్కలు చేస్తుంటే నొప్పికి వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టేది. చెల్లాచెదురైన కాగితాలు పోగు చేసేది. 1920 జనవరిలో హార్డీకి రాసిన చివరి ఉత్తరంలో మాక్ తీటా ఫలాల గురించి రాశారు. వాటి మీద ఇప్పటికీ పరిశోధనలు నడుస్తున్నాయి. ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో పోయారు. 32 ఏళ్లు. సముద్రం దాటొచ్చినవాడని అంత్యక్రియలకి బంధువులు చాలామంది రాలేదు.

చెప్పానుగా, ఆ పాత విరేచనాల జబ్బు. 1994లో ఒక ఇంగ్లీషు డాక్టరు అప్పటి వైద్య వివరాలన్నీ తిరగేసి, అది క్షయ కాదు, ఆ కాలేజీ రోజుల అమీబా కాలేయంలో దాక్కుని మళ్లీ లేచిందని వాదించాడు. అదే నిజమైతే అప్పటికి కూడా నయం చేయగలిగిన జబ్బే. జానకి పోయింది కూడా 1994లోనే. ఆయన పోయాక ట్రిప్లికేన్‌లో చాలా ఏళ్లు కుట్టుపని చేసుకుని బతికింది.

మ్యాథ్స్ డే ఫ్లెక్సీల మీద వేసే ఆ ఫోటో ఉంది కదా, కోటు, పెద్ద పెద్ద కళ్లు. అది కాలేజీలో దిగిందో, ఏ సన్మానంలోనో తీసిందో అనుకునేవాణ్ణి. అది పాస్‌పోర్టు ఫోటో. 1919లో జబ్బుతో ఉండి, ఇంటికి రావడానికి దిగింది. 1930లలో చంద్రశేఖర్ అనే మరో శాస్త్రవేత్త, తర్వాత నోబెల్ వచ్చిందే ఆయనకి, మంచి ఫోటో కోసం వెతుక్కుంటూ జానకి దగ్గరికెళ్తే ఆమె దాచుకున్న పాస్‌పోర్టులో దొరికింది.

కనుమ రోజు రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఎం-2 సంగతి చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అరిసెలు డబ్బాలో ఉంచానని, మెత్తబడకముందే రమ్మని అంది. రత్నాచల్‌కి టికెట్ దొరకలేదు, జనరల్‌లో నిలబడి వెళ్లాను. గోదావరి మీద డోర్ దగ్గరికి చేరి ఆ పాత వంతెన అయిపోయేదాకా చూశాను.